ఎడారి పూలు చూడ్డానికి బయల్దేరిన అమ్మడికి పిన్ని రాసేది

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక కూడా నీ మాట ఒకటి నా చెవిలోనే ఉండిపోయింది, అందుకే పొద్దున్నే కాఫీ తాగి ఇది టైప్ చేస్తూ కూర్చున్నా, కాస్త పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదువు. వచ్చే శనివారం మీ అత్తగారినీ మామగారినీ బుడ్డోడినీ తీసుకుని కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న బొరేగో స్ప్రింగ్స్ ఊరికి పూలు చూడ్డానికి వెళ్తున్నామన్నావు, చాలా సంతోషం, అంత దూరం నుంచి వచ్చిన పెద్దవాళ్లకి మాల్స్, డిస్నీల్యాండే కాకుండా ఇలాంటిది చూపించాలని నీకు తోచినందుకు ఇంకా సంతోషం. కానీ వెనక నుంచి మీ అత్తగారు "అక్కడ పూలు కోసుకోనిస్తారా, దేవుడికి పెట్టుకోవచ్చా" అని అడగటం, నువ్వు "ఎడారి నిండా పూలే అత్తయ్యా, మనం నాలుగు కోస్తే ఏం తరుగుతాయి" అనటం నాకు వినపడింది. అచ్చం ఇదే మాట నేను కూడా అన్నాను, 2005లో, అదే ఊళ్లో, అదే రోడ్డు పక్కన.

ఆ ఏడు వానలు బాగా పడి ఎడారంతా విరగబూసిందని ఆఫీసులో ఎవరో చెప్తే మీ బాబాయిని తొందరపెట్టి బయల్దేరదీశాను. హెండర్సన్ కాన్యన్ రోడ్ దగ్గర కారు ఆపేసరికి ఇసుక మీద రాణీ కలర్ పట్టుచీర ఆరేసినట్టు కొండల మొదలు దాకా శాండ్ వర్బీనా పూలు, ఒకటే రంగు, నాకు కాళ్లు ఆగలేదు. బాపట్ల దగ్గర పుట్టిన దాన్ని, పువ్వు కనిపిస్తే చెయ్యి దానంతట అదే పోతుంది, ఒక దోసెడు గుత్తులు కోసేశా, కొన్ని జడలో పెట్టుకున్నా, మిగతావి రేపు పూజకని తడి టిష్యూలో చుట్టి డాష్‌బోర్డ్ మీద పెట్టా. ముందు చేతులు జిగటయ్యాయి, ఆ జిగటకి ఇసుక అంటుకుంది, జడలో కూడా అదే తంతు. గంట గడిచి కొండ ఎక్కి జూలియన్ అనే ఊరు చేరేసరికి టిష్యూలో ఉన్నవి మెత్తబడి నల్లబడి తడిసిన కాగితం ముక్కల్లా అయిపోయాయి, దేవుడికి పెట్టడానికి ఒక్కటీ మిగల్లేదు. ఆ ముద్ద చేతిలో పట్టుకుని ఎక్కడ పారెయ్యాలో తెలీక నిలబడ్డ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే.

కోస్తున్నప్పుడే అక్కడ మడత కుర్చీలో కూర్చున్న ఒక అమెరికన్ పెద్దావిడ నన్ను చూస్తూ ఉంది, కోప్పడలేదు, దగ్గరకి పిలిచి నా చేతిలో గుత్తి తిప్పి చూపించి, ఇందులో ఒక్కో పువ్వు కింద ఒక్కో గింజ తయారవ్వాల్సింది, ఆ గింజలే మళ్లీ వాన పడేదాకా ఇసుకలో ఎదురుచూస్తాయి, మళ్లీ ఇంత వాన ఎన్నేళ్లకో అని నెమ్మదిగా చెప్పింది. ఆ తర్వాతి సంవత్సరం పూలు చూద్దామని వెళ్తే ఒట్టి ఇసుక. అప్పుడు ఆవిడ మాట నాకు పూర్తిగా ఎక్కింది. ఆ ఊరి చుట్టూ ఉన్న స్టేట్ పార్కులో పువ్వు కోయటం రూల్ ప్రకారం కూడా తప్పే, ఫైన్ వేస్తారు, కానీ నేను నీకు చెప్పేది ఫైన్ గురించి కాదు.

అసలు ఈ పువ్వేంటో ముందు తెలుసుకో, వెళ్లాక మీ అత్తగారికి నువ్వే చెప్పొచ్చు. శాండ్ వర్బీనా అనేది ఇంగ్లీషు పేరు, ఎడారిలో పూసే రకానికి శాస్త్రం ప్రకారం పేరు అబ్రోనియా విలోసా. పేరులో వర్బీనా ఉన్నా ఆ కుటుంబం కాదు, ఇది మన చంద్రకాంత పువ్వుకి చుట్టం. నిజం, చంద్రకాంత, కాగితం పూలు అని మనం పిలిచే బోగన్‌విలియా, పొలం గట్ల మీద నేలబారున పాకే అటికమామిడి, ఇవన్నీ ఒకే కుటుంబం. అటికమామిడి అంటే పునర్నవ, మీ అమ్మమ్మ కాళ్ల వాపులకి ఆకు వండి పెట్టేది, నీకు గుర్తుండకపోవచ్చు, మీ అత్తగారికి మాత్రం తప్పకుండా తెలుస్తుంది. ఈ శాండ్ వర్బీనా కొమ్మలు కూడా అచ్చం అటికమామిడి లాగే మధ్యలో వేరు నుంచి నాలుగు వైపులకీ ఇసుక మీద పాక్కుంటూ పోతాయి, మంచి ఏడాదైతే మూడడుగుల దాకా. ఒక్కో గుత్తిలో పదిహేను నుంచి ముప్పై పైన చిన్న చిన్న పూలు, చూడ్డానికి లాంటానా గుత్తిలా ఉంటుంది కానీ రంగు వేరు, మధ్యలో తెల్ల చుక్క. ఇంకో విచిత్రం, చంద్రకాంతలో లాగే దీంట్లో కూడా మనం పూరెక్కలు అనుకునేవి రెక్కలు కావు, రంగు పట్టిన రక్షక పత్రాలు. బుడ్డోడికి ఇప్పుడిది ఎక్కదులే, నువ్వు చూస్తావని చెప్తున్నా.

ఇక వెళ్లే టైం సంగతి. ఈ పువ్వు క్యాలెండర్ చూసి పూయదు, వాన చూసి పూస్తుంది. బొరేగోలో ఏడాది మొత్తానికి పడేదే ఐదారు అంగుళాలు, అది కూడా అక్టోబరు, నవంబర్లలో ఒక మంచి వాన పడి గింజ మొలిచి, మళ్లీ డిసెంబరు, జనవరి, ఫిబ్రవరుల్లో మధ్యమధ్యలో తడి తగిలితేనే ఫిబ్రవరి ఆఖరు నుంచి పూత మొదలవుతుంది. మధ్యలో ఎండ ఎక్కువ కాసినా, వేడి గాలి రెండు రోజులు వీచినా మొక్క అక్కడికక్కడే వాడిపోతుంది. అందుకే ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో పెట్టిన ఫోటో చూసి వెళ్లకు, ఆ ఫోటో ఏ ఏడాదిదో ఎవరికి తెలుసు. థియోడోర్ పేన్ ఫౌండేషన్ వాళ్లు 1983 నుంచీ వైల్డ్ ఫ్లవర్ హాట్‌లైన్ నడుపుతున్నారు, మార్చి నుంచి మే దాకా వారం వారం ఎక్కడ ఏం పూశాయో చెప్తారు, శుక్రవారం అది ఒకసారి చూసుకుని, పార్కు వాళ్ల పేజీ కూడా చూసుకుని అప్పుడు బయల్దేరు. పూత తక్కువగా ఉందంటే ఇంకో వారం ఆగు, టికెట్లు ఏమైనా కొన్నావా, మీ అత్తగారు వాళ్లు జూన్ దాకా ఉంటారుగా.

శనివారం వద్దు అని కూడా అంటాను, వీలైతే మీ ఆయన్ని ఒక రోజు లీవు పెట్టమను, వారం మధ్యలో వెళ్లండి. 2017లో శని ఆదివారాలు ఆ ఊరికి వచ్చిన జనానికి హోటళ్లలో తిండి అయిపోయింది, ఆ చిన్న ఊరికి అంతమందిని మోసే శక్తి లేదు. అటుపైన 2019లో లేక్ ఎల్సినోర్ దగ్గర పాపీ పూల కోసం వచ్చినవాళ్లు కొండలెక్కి పూలలో పడుకుని ఫోటోలు దిగి బాటలు చేసేస్తే ఊరివాళ్లు దారులు మూసేయాల్సి వచ్చింది, 2023లో అయితే అసలు ముందే మూసేశారు. పూలు చూడ్డానికి వెళ్లిన మనమే పూలకి కష్టం తెచ్చిపెడితే ఎలా చెప్పు.

ఇర్వైన్ నుంచి మీకు రెండున్నర గంటలు పడుతుంది, టెమెక్యులా మీద నుంచి 79వ నంబరు రోడ్డు, తర్వాత ఎస్2, ఎస్22 రోడ్లు పట్టుకుంటే రాంచిటా అనే ఊరు దాటాక ఒక్కసారిగా లోయ కనిపిస్తుంది. అక్కడి నుంచి దిగుడే దిగుడు, పది పన్నెండు మైళ్లలో మూడు వేల అడుగుల పైన దిగుతారు, మలుపులు చాలా ఎక్కువ, మీ మామగారికి కారులో వికారం అన్నావు కదా, ముందు సీట్లో కూర్చోబెట్టు, నిమ్మకాయో అల్లం మురబ్బానో చేతికివ్వు, బుడ్డోడికి ఫోన్ ఇవ్వకు. వార్నర్ స్ప్రింగ్స్ దాటాక సిగ్నల్ సరిగ్గా ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, పెట్రోలు టెమెక్యులాలోనే ఫుల్ చేయించు. నీళ్లు మనిషికి ఒక గ్యాలన్ లెక్కన వేసుకో, ఎక్కువైందని అనుకోకు, మార్చిలో కూడా మధ్యాహ్నం తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటొచ్చు, పెద్దవాళ్లు దాహం వేసినా చెప్పరు, బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని తాగరు, నువ్వే గంటకోసారి అడిగి తాగించాలి. బాత్రూమ్‌లు పార్కు విజిటర్ సెంటర్ దగ్గర బాగుంటాయి, ముందు అక్కడికే వెళ్లండి, ఆ బిల్డింగ్ నేలలో సగం కప్పెట్టి పైన మట్టి పోసి కట్టారు, లోపల చల్లగా ఉంటుంది, ఈ వారం ఏ రోడ్డు మీద పూత ఉందో అక్కడి వాలంటీర్లని అడిగితే మ్యాపు మీద గీసి ఇస్తారు. ఇంటర్నెట్‌లో వెతికే బదులు వాళ్లని అడగటం వంద రెట్లు నయం.

ఇంకోటి, ఒక దువ్వెన పట్టుకెళ్లు. తల దువ్వుకోడానికి కాదు. అక్కడ చోయా అని ఒక రకం కాక్టస్ ఉంటుంది, దగ్గరకి వెళ్తే చాలు మీదకి దూకినట్టు ముక్క వచ్చి గుచ్చుకుంటుంది, చేత్తో తీయబోతే చేతికి దిగుతుంది, దువ్వెన పళ్లు ముక్క కిందకి పోనిచ్చి ఒక్క విసురున తీసెయ్యాలి. పిల్లాడి కాలికి దిగితే నువ్వు కంగారుపడకుండా ఉంటావని ముందే చెప్తున్నా. పాములు కూడా వసంతంలో ఎండకి బయటకొస్తాయి, పొదల కింద చేతులు పెట్టనివ్వకు, అంతకు మించి భయం అక్కర్లేదు.

కారు రోడ్డు మీద నుంచి దింపకండి. 2019లో మీ బాబాయి కొయోటీ కాన్యన్ దారిలో ఇంకొంచెం ముందుకెళ్తే ఇంకా బాగుంటాయని మా సెడాన్‌ని ఇసుకలోకి పోనిచ్చారు, వెనక చక్రం ఇరుసు దాకా దిగిపోయింది, రెండు గంటలు ఎండలో నిలబడి చివరికి ఒక జీపు కుర్రాళ్లు లాగితే బయటపడ్డాం, ఆ చక్రం తిరిగి తిరిగి తవ్వేసిన చోట ఎన్ని మొక్కలు పోయాయో నేను కళ్లారా చూశా, ఆయన ఇప్పటికీ ఆ విషయం ఎత్తితే బాధపడతారు. హెండర్సన్ కాన్యన్ రోడ్ తారు రోడ్డే, పక్కన ఆపుకునే చోటుంది, అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే పూలే, మీ మామగారి మోకాళ్లకి అది చాలు. మీ ఆయన్ని రోడ్డు మీద కింద చూసుకుని నడపమను, మంచి ఏడాదిలో వేలు లావున పురుగులు రోడ్డుకి అడ్డంపడి పోతుంటాయి, తోకకి చిన్న కొమ్ముంటుంది, కుట్టవు కరవవు. అవి ఈ శాండ్ వర్బీనా ఆకులు, ప్రింరోజ్ అనే ఇంకో ఎడారి పువ్వు మొక్క ఆకులు తిని పెరిగి తర్వాత పెద్ద రెక్కల పురుగులవుతాయి. ఆ పురుగుల కోసమే స్వైన్సన్ గద్దలు ఆగుతాయక్కడ, అర్జెంటీనాలో చలికాలం గడిపి ఉత్తరానికి పోతూ బొరేగోలో దిగి కడుపు నింపుకుని మళ్లీ ఎగురుతాయి, రాత్రికి అక్కడే ఉంటే పొద్దున్నే పొలాల మీద సుళ్లు తిరుగుతూ పైకి లేవటం చూడొచ్చు, పక్షుల పిచ్చి ఉన్నవాళ్లు కుర్చీలేసుకుని లెక్కపెడుతుంటారు.

సరే, పూల దగ్గరకి చేరారనుకో. అందరూ చేసేది నిలబడి ఫోన్ పైకెత్తి ఫోటో తీసుకోవటం. నువ్వు అలా చెయ్యకు, ముందు ఒక మొక్క ఎంచుకుని దాని పక్కన ఖాళీ ఇసుక చూసుకుని మోకాళ్ల మీద కూర్చో, బుడ్డోడిని పక్కన కూర్చోబెట్టుకో. ఆకు చూడు, అండాకారంలో కొంచెం దళసరిగా ఉంటుంది, ఎండ వెనక నుంచి పడితే ఆకు చుట్టూ, కాడ చుట్టూ సన్నటి నూగు వెలుగుతుంది, విలోసా అంటే నూగు ఉన్నదనే అర్థం. ఆ నూగు చివర జిగురు ఉంటుంది, ఆ జిగురుకి ఇసుక రేణువులు ఒక్కొక్కటీ అతుక్కుని ఉంటాయి, పంచదార అద్దిన బిళ్లలా. వేలితో మెల్లగా తాకితే గరగరమంటుంది, ఊదితే పోదు. నేను చాలా ఏళ్లు పాపం మొక్కకి దుమ్ము పట్టిందనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, అది మొక్క వేసుకున్న కవచం అని. డేవిస్ యూనివర్సిటీ వాళ్లు మన కాలిఫోర్నియా తీరంలో ఉండే పసుపు రకం మీద చూశారు, ఆకుల మీద ఇసుకని శుభ్రంగా కడిగేస్తే పురుగులు వాటిని ఎక్కువ తిన్నాయి, ఇసుక ఉన్నవాటి జోలికి తక్కువ పోయాయి, 2016లో అచ్చయింది ఆ పని. ఇసుక రంగులో కలిసిపోయి కనపడకుండా ఉండటానికేమో అని వేరే రంగు ఇసుక అద్ది కూడా చూశారట, తేడా రాలేదు, అంటే దాక్కోవటం కాదు, నమిలేవాడి పళ్లు అరగదీయటం. మన అన్నంలో ఒక్క రాయి వస్తేనే ముద్ద ఉమ్మేస్తాం, అలాంటిది ముద్దంతా రాళ్లే అయితే ఎవరు తింటారు. ఈ సంగతి మీ మామగారికి చెప్పు, వ్యవసాయం చేసిన మనిషి, ఆయనకి నచ్చుతుంది.

అడుగు వేసేప్పుడు జాగ్రత్త ఎందుకంటున్నానంటే, పూలు ఉన్నచోట పైకి ఖాళీగా కనిపించే ఇసుకలో కూడా పాకే కొమ్మలుంటాయి, ఇంకా పూయని చిన్న మొక్కలుంటాయి, తొక్కితే కాడ పుటుక్కున విరుగుతుంది, లోపలంతా నీరే. వేరు ఒక్కటే, అక్కడ దెబ్బ తగిలితే చుట్టూ ఉన్న కొమ్మలన్నీ పోతాయి. ముందు వెళ్లినవాళ్ల అడుగులు ఉంటే వాటిలోనే అడుగేసి వెళ్లండి. నువ్వు ఆ ఆకుపచ్చ కంచి పట్టుచీర కట్టుకుని ఫోటోలు తీయించుకుంటానన్నావు, కట్టుకో తల్లీ, బాగుంటుంది, కానీ కుచ్చిళ్లు కాస్త పైకి కట్టు, చీర అంచు కొమ్మల మీద ఈడ్చుకుపోతే ఆ జిగటకి పూలు ఊడొస్తాయి, చీర కూడా పాడవుతుంది. పూల మధ్యలోకి వెళ్లి కూర్చోవాల్సిన పని లేదు, మీ ఆయన్ని నేలకి వంగి కెమెరా కింద నుంచి పెట్టమను, రోడ్డు పక్కన నిలబడినా చుట్టూ పూలున్నట్టే వస్తుంది. డ్రోన్ మాత్రం తీసుకెళ్లొద్దను, పార్కులో ఎగరేయకూడదు.

చేతులు ఊరుకోక ఏదైనా పీకాలనిపిస్తే పీకాల్సింది ఒకటుంది. సహారా మస్టర్డ్ అని, మన ఆవ కుటుంబమే, ఇక్కడిది కాదు, ఖర్జూరపు చెట్లతో పాటు వచ్చి పడిందంటారు. కొంచెం తడికే అన్నిటికంటే ముందు మొలిచి నడుం ఎత్తు పెరిగి నీడ చేసి కింద శాండ్ వర్బీనాని, మిగతా ఎడారి పూలనీ ఎదగనివ్వదు, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. బొరేగోలో వాలంటీర్లు ఏళ్ల తరబడి దాన్ని చేత్తో పీకుతున్నారు, నేను కూడా నాలుగు సీజన్లు వెళ్లాను, నడుం పడిపోతుంది కానీ పీకిన చోట మళ్లీ ఏడాది రాణీ కలర్ కనిపిస్తే ఆ నొప్పి గుర్తుండదు. అది కూడా సొంతంగా పీకకు, ఆవ అనుకుని ఇంకోటి పీకేస్తాం, వాళ్లు పిలిచిన రోజున వాళ్లు చూపించిందే పీకాలి, నీకు ఇష్టమైతే వచ్చే జనవరిలో నాతో రా.

ఇప్పుడు అసలు ముఖ్యమైంది చెప్తాను, దీని కోసమే ఇంత రాశాను అనుకో. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి బయల్దేరకండి. మూడింటికి చేరేలా వెళ్లి చీకటి పడేదాకా ఉండండి. పగలు ఎండలో ఈ పువ్వుకి వాసన ఉందా లేదా అన్నట్టుంటుంది, గాలి కూడా కొడుతుంటుంది. మార్చి మధ్యకొచ్చేసరికి గడియారాలు ముందుకి జరుపుతాం కదా, పొద్దు గూకేసరికి ఏడు అవుతుంది, అప్పటికి గాలి తగ్గి ఇసుక ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు నేల లోంచి లేచినట్టు లేస్తుంది వాసన. ఎలా ఉంటుందంటే, నాకైతే సన్నజాజి పందిరి కింద ఎవరో తేనె సీసా మూత తీసినట్టు ఉంటుంది, మీ బాబాయికి ఏదో సబ్బు గుర్తొస్తుందట. ఒక్క పువ్వుది కాదు, ఆ మైదానం మొత్తానిది, కారు అద్దాలు దించితే కారు నిండిపోతుంది. చంద్రకాంత సాయంత్రం విచ్చుకున్నట్టే ఇది కూడా సాయంత్రం చుట్టాల కోసం ఎదురుచూస్తుందన్నమాట, ఎందుకంటే దీని మీద వాలే ముఖ్యమైన పురుగు రాత్రిదే. ఇందాక చెప్పిన కొమ్ము పురుగు పెద్దయ్యాక అదే వస్తుంది, రెక్కల మీద తెల్ల గీతలుంటాయి, పిట్టలా గాల్లో నిలబడి పొడుగాటి నాలుక దింపి తాగుతుంది. కదలకుండా కూర్చుంటే మూరెడు దూరంలో చూడొచ్చు, రెక్కల గాలి కూడా తగుల్తుంది. అదే టైములో పక్కనే ఉండే తెల్ల ప్రింరోజ్‌లు కూడా విచ్చుకుంటాయి, అరచేయంత పువ్వు, చూస్తుండగానే విచ్చుకోవటం బుడ్డోడికి మ్యాజిక్కే.

మీ అత్తగారికి కుర్చీ వేసి అప్పుడు కూర్చోబెట్టు. ఆవిడకి పువ్వు కోసుకోవద్దని ముందే చెప్పి చిన్నబుచ్చకు, మన ఇళ్లల్లో పువ్వు అంటే దేవుడికీ జడకీ అనే పెరిగాం, అందులో తప్పేం లేదు. ఆవిడ కోసం మీ పెరట్లో మల్లెలో గులాబీలో ఉన్నవి ఒక చిన్న దండ కట్టి తడి గుడ్డలో చుట్టి తీసుకెళ్లు, బయల్దేరే ముందు ఆవిడ జడలో పెట్టు. అక్కడ చీకటి పడేటప్పుడు ఆ వాసన వచ్చాక, కోయకుండానే ఇంత పూజ జరుగుతోందని ఆవిడే అంటుంది చూడు, నేను మా అత్తగారిని 2008లో తీసుకెళ్లినప్పుడు ఆవిడ చెప్పులు విప్పి ఇసుకలో నిలబడి దణ్ణం పెట్టుకుంది, ఎవరికి అని నేను అడగలేదు. చీకటి పడ్డాక వెంటనే లేవకండి, ఆ ఊరు 2009 నుంచీ డార్క్ స్కై కమ్యూనిటీ, అంటే రాత్రి ఆకాశం చీకటిగా ఉండేలా కాపాడుకునే ఊరు, వీధి లైట్లు ఎంత తక్కువంటే నక్షత్రాలు మన ఊళ్లో మిద్దె మీద పడుకున్నప్పటిలా కనిపిస్తాయి. తిరుగు ప్రయాణం ఆ మలుపుల్లో రాత్రిపూట కష్టం, మీ ఆయన అలిసిపోతారు, అందుకని ఆ రాత్రికి రూమ్ తీసుకోండి, మామూలుగా కనీసం రెండు వారాల ముందు బుక్ చెయ్యాలి, ఇప్పుడు దొరక్కపోతే శాన్ డియెగోలో మా ఇంటికి వచ్చేయండి, అక్కడి నుంచి రెండు గంటలు.

మా ఇంటికి వస్తే ఇంకో లాభం ఉంది, మర్నాడు దీని అక్కచెల్లెళ్లని సముద్రం ఒడ్డున చూపిస్తా. కొరొనాడోకి దక్షిణాన సిల్వర్ స్ట్రాండ్ ఇసుక దిబ్బల మీద ముదురు ఎరుపు రకం ఉంటుంది, అబ్రోనియా మారిటిమా, ఆకులు గంగపాయల ఆకులా దళసరిగా, ఉప్పు గాలిని తట్టుకుని, ఎగిరొచ్చే ఇసుకని పట్టుకుని చుట్టూ చిన్న చిన్న దిబ్బలు కట్టుకుంటుంది. మన సూర్యలంక ఒడ్డున బాలబంది తీగ ఊదా పూలేసుకుని ఇసుకని పట్టి ఉంచుతుంది చూడు, ఇక్కడ ఆ పని ఇది చేస్తుంది. అక్కడ తాళ్లు కట్టిన చోట లోపలికి పోకూడదు, ప్లోవర్ అనే చిన్న పిట్టలు ఇసుకలోనే గుడ్లు పెడతాయి. ఇంకా ఉత్తరాన మాంటెరే వైపు వెళ్తే గులాబీ రకం, దానికో కథ ఉంది. 1786లో లా పెరూస్ అనే ఫ్రెంచి నావికుడి ఓడలు మాంటెరేలో ఆగినప్పుడు వాటిలో ఉన్న కొలిన్యోన్ అనే తోటమాలి ఆ ఇసుకలోంచి గింజలు ఏరి పారిస్‌లో రాజుగారి తోటకి పంపాడు. అక్కడ మొలిచి పూసింది, యూరప్‌లో పెరిగి శాస్త్రం ప్రకారం పేరు పెట్టించుకున్న మొదటి కాలిఫోర్నియా మొక్కల్లో అది ఒకటి. ఆ ఓడలు రెండూ 1788లో పసిఫిక్‌లో వానికోరో ద్వీపం దగ్గర మునిగిపోయాయి, తోటమాలి ఇంటికి తిరిగి రాలేదు, తను పంపిన గింజ పూసిందని కూడా అతనికి తెలిసి ఉండదు. నాకు ఆ గులాబీ రకం ఎక్కడ చూసినా అతనే గుర్తొస్తాడు.

ఇంట్లో పెంచుకోవచ్చా అని నువ్వు తప్పకుండా అడుగుతావు కాబట్టి అది కూడా చెప్పేస్తా. ఎడారిలోంచి మొక్క పీక్కొస్తే బతకదు, వేరు కదిలితే ఊరుకోదు ఇది. గింజలు కూడా అక్కడ ఏరొద్దు, మీ ఇర్వైన్ చుట్టుపక్కల దీన్లోనే ఆరిటా అనే ఒక రకం చాలా అరుదైపోయింది, చూస్తే మనలాంటివాళ్లకి తేడా తెలీదు. నేటివ్ మొక్కల నర్సరీలో గింజల ప్యాకెట్ కొను. గింజ చుట్టూ రెక్కలున్న కాగితం లాంటి డొల్ల ఉంటుంది, గాలికి దొర్లటానికి, దాన్ని గోటితో మెల్లగా వలిచి లోపలి నల్ల గింజ తీసి అక్టోబరు, నవంబర్లలో లోతు కుండీలో మూడొంతులు ఇసుక కలిపి, ఎక్కడ పెరగాలో అక్కడే వెయ్యి, తర్వాత మార్చొద్దు. ఎరువు వద్దు, మొలిచేదాకా తడి, తర్వాత ఎండనిచ్చి తడపటం. పది గింజలకి రెండు మూడు మొలిస్తే అదృష్టం, నాకు మూడేళ్లు పట్టింది ఒక్కటి పూయటానికి. అది పూసినప్పుడు మాత్రం నీ ఇష్టం, నీ కుండీలోది నీది, మీ అత్తగారి దేవుడికి పెట్టుకో.

భోజనానికి పులిహోర, దద్ధోజనం చాలు, మూత గట్టిగా పట్టే డబ్బాల్లో పెట్టు, కారులోనే కూర్చుని తినండి, గాలికి ఇసుక పడితే అన్నం పారెయ్యాల్సి వస్తుంది. మిగిలిన మెతుకు కూడా అక్కడ వెయ్యొద్దని బుడ్డోడికి చెప్పు. నేనూ బాబాయీ కూడా వద్దామనుకుంటున్నాం, రోజు మార్చుకుంటే నాకు మెసేజ్ పెట్టు, వార్నర్ స్ప్రింగ్స్ చేరేలోపు ఒకసారి ఫోన్ చెయ్యి, తర్వాత దొరకవు. మేం హెండర్సన్ కాన్యన్ రోడ్ మీద ఐదింటికల్లా తెల్ల కరోలాలో ఉంటాం, రెండు మడత కుర్చీలు మావి ఉన్నాయి, మీ అత్తగారికి, మామగారికి అవి వేద్దాం, నువ్వు మళ్లీ కొనకు.

ప్రేమతో,
మీ పిన్ని